ఏఎస్ 400లో కొత్త స్క్రీన్లు: ఎస్‌డీఏతో గీయాలా, యూఐఎం నేర్చుకోవాలా, బ్రౌజర్‌కి వెళ్లాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. భీమవరం దగ్గర రొయ్యల మేత కంపెనీలో ప్రోగ్రామర్‌గా చేరారు. మెషిన్ ఐబీఎం వాళ్ల వ్యాపార సర్వర్, సిస్టమ్ పేరు ఐబీఎం ఐ, వెర్షన్ 7.4. అందరూ ఇంకా ఏఎస్ 400 అనే పిలుస్తారు. ప్రోగ్రాములన్నీ ఈ మెషిన్ పాత ప్రోగ్రామింగ్ భాష ఆర్‌పీజీలో ఉన్నాయి. ఇప్పుడు డిస్పాచ్‌కి కొత్త మాడ్యూల్ రాయాలి. మీ సీనియర్ గారేమో "ఎస్‌డీఏలో గీసెయ్, అయిపోతుంది" అంటున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన కన్సల్టెంట్ "సిస్టమ్ సొంత స్క్రీన్లు యూఐఎంలో ఉంటాయి, మనమూ అలాగే చేయాలి" అన్నారు. ఎస్‌డీఏ అంటే స్క్రీన్ గీసే పరికరం, యూఐఎం అంటే ట్యాగులతో స్క్రీన్ రాసే పద్ధతి. ఎండీ గారికి ఆకుపచ్చ స్క్రీన్ (అక్షరాలు మాత్రమే చూపే పాతకాలపు టెర్మినల్ స్క్రీన్) కనపడితేనే చిరాకు, అన్నీ ఫోన్లో రావాలి. ఎవరి మాట వినాలని అడిగారు.

సూటిగా చెప్తాను. రోజంతా కూర్చుని ఎంట్రీ కొట్టేవాళ్లకి డీడీఎస్ డిస్‌ప్లే ఫైల్, అంటే ఏ ఫీల్డు స్క్రీన్ మీద ఎక్కడ రావాలో రాసిపెట్టే ఫైలు. అప్లికేషన్‌ని కనిపెట్టుకుని ఉండే ఐటీ వాళ్ల జాబితా స్క్రీన్లకీ, మొత్తం హెల్ప్‌కీ యూఐఎం. కంపెనీ గేటు బయట ఉన్నవాళ్లకీ, ఎప్పుడో ఒకసారి తొంగిచూసేవాళ్లకీ బ్రౌజర్. కాబట్టి డిస్పాచ్ ఎంట్రీ వరకు మీ సీనియర్ గారి మాటే వినండి. కాకపోతే ఒక షరతు. స్క్రీన్ నడిపే కోడ్‌నీ, స్టాక్ లెక్కలు చూసే కోడ్‌నీ ఒకే ప్రోగ్రాములో కలిపి రాయొద్దు. అలా రాశారంటే రేపు ఎండీ గారి మాట నెగ్గిన రోజున మొత్తం మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి.

ముందు ఒక చిన్న చిక్కు విడదీద్దాం. ఎస్‌డీఏనా యూఐఎంనా అనే పోలికే సరైనది కాదు. ఎస్‌డీఏ అనేది స్క్రీన్ గీసే పరికరం, అంతే. అది చివరికి పుట్టించేది డీడీఎస్ సోర్సు. అదే సోర్సుని ఐబీఎం వాళ్ల ప్రోగ్రామింగ్ సాధనం ఆర్‌డీఐలో ఉన్న స్క్రీన్ డిజైనర్‌తోనూ తయారుచేయొచ్చు, ఓపిక ఉంటే కాలమ్ నంబర్లు లెక్కపెట్టుకుంటూ చేత్తోనూ రాయొచ్చు. యూఐఎం మాత్రం డీడీఎస్‌కి పక్కన నిలబడే వేరే పద్ధతి. కాబట్టి మీరు నిర్ణయించుకోవాల్సినవి రెండు: స్క్రీన్ ఏ పద్ధతిలో ఉండాలి, దాన్ని ఏ పరికరంతో తయారుచేయాలి. రెండోది చిన్న విషయం, చివర్లో చెప్తాను.

ఇక డీడీఎస్ ఎందుకన్నానో చెప్తాను. మన వైపు ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా అసలు హడావుడంతా కాటా గదిలో ఉంటుంది. లారీ వస్తుంది, నంబరు కొట్టాలి, లోడు బరువు, ఖాళీ బరువు, డీలర్ కోడు, గేటు పాస్. వెనకాల ఇంకో లారీ హారన్ కొడుతూ ఉంటుంది. అక్కడ కూర్చున్న కుర్రాడు స్క్రీన్ చూడడు. చేతిలో కాగితం చూస్తాడు, వేళ్లు వాటంతట అవే వెళ్తాయి. ఒక ఫీల్డు నిండగానే తర్వాతి ఫీల్డులోకి కర్సర్ దూకాలి. ఆఖరి ఫీల్డు నిండితే ఎంటర్ కొట్టకుండానే వెళ్లిపోవాలి. డీడీఎస్‌లో చెక్ అనే కీవర్డుకి ఈఆర్ అని ఇస్తే ఆ పని అయిపోతుంది. ఆర్‌జెడ్ ఇస్తే అంకెలు కుడివైపుకి జరిగి ముందు సున్నాలు పడతాయి. ఎంఈ ఇస్తే ఖాళీగా వదిలి వెళ్లనివ్వదు. వీటికి ఒక్క లైను ఆర్‌పీజీ కూడా రాయక్కర్లేదు. ఇలాంటి చిన్న చిన్న సదుపాయాలే రోజు చివర్లో గంటలు మిగులుస్తాయి.

ఫీల్డు వెడల్పులు డేటాబేస్ ఫైలు నుంచే తెచ్చుకోండి. రెఫరెన్స్ కీవర్డులు ఉన్నది అందుకే. డీలర్ కోడు ఆరు అక్షరాల నుంచి ఎనిమిదికి పెంచిన రోజున వెతుక్కునే బాధ చాలావరకు తగ్గుతుంది. డబ్బు, బరువు చూపించడానికి ఎడిట్ కోడ్ ఉంది, కామాలూ మైనస్ గుర్తూ అదే పెడుతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. డీడీఎస్‌లో రేంజ్, వాల్యూస్ అనే కీవర్డులతో విలువల హద్దులు కూడా పెట్టొచ్చు. ఆ సౌకర్యం చూసి వ్యాపార నియమాలన్నీ అక్కడ రాసేస్తుంటారు. ఉదాహరణకి ప్రభుత్వ కొనుగోలులో ధాన్యం తేమ 17 శాతం దాటకూడదు. ఆ 17ని స్క్రీన్‌లో రాస్తే, ఏదో ఒక సీజన్లో సడలింపు వచ్చిందనుకోండి, డిస్‌ప్లే ఫైలు మార్చి మళ్లీ కంపైల్ చేయాలి. అందుకని అవునా కాదా, ఏ బీ సీ లాంటి ఎప్పటికీ మారని వాటికే స్క్రీన్ చెక్ పెట్టండి. హద్దు మారే అవకాశం ఉందంటే టేబుల్లో పెట్టి ప్రోగ్రాములో చూసుకోండి. మీ మేతలో ప్రొటీన్ శాతమూ, తేమా ఇదే కోవలోకి వస్తాయి.

డీడీఎస్‌లో చెప్పుకోవలసిన పెద్ద ఇబ్బంది లెవెల్ చెక్. డిస్‌ప్లే ఫైల్లో ఒక ఫీల్డు చేర్చి కంపైల్ చేశాక, ఆ ఫైలు వాడే ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేయకపోతే రన్ అయ్యేటప్పుడు ఆగిపోతుంది. కొందరు లెవెల్ చెక్ వద్దని ఫైలు తయారుచేసి గండం గడిచిందనుకుంటారు. ఆ పని చేయకండి. ఆగిపోయే ప్రోగ్రాము పొద్దున్నే అందరికీ తెలుస్తుంది. బరువు వెళ్లి బస్తాల ఫీల్డులో పడితే నెలాఖరు దాకా ఎవరికీ తెలియదు.

సబ్‌ఫైళ్ల (స్క్రీన్ మీద వరుసలుగా చూపించే జాబితాల) గురించి మీరు అడగలేదు గానీ డిస్పాచ్‌లో తప్పకుండా వస్తాయి. ఒక సబ్‌ఫైల్లో 9999 రికార్డుల కంటే పట్టవు. అంతకన్నా ముఖ్యంగా, అన్నీ ఒకేసారి నింపితే స్క్రీన్ వచ్చేసరికి మనిషికి విసుగొస్తుంది. సబ్‌ఫైల్ సైజూ పేజీ సైజూ సమానంగా పెట్టి పేజీకి పేజీ నింపే పద్ధతి వాడండి. లేదా సైజు పేజీ కంటే ఎక్కువ పెట్టి, పేజ్ డౌన్ కొట్టినప్పుడల్లా కొంచెం కొంచెం చేర్చండి. జాబితాలో వెనక్కీ ముందుకీ తిరిగి నాలుగైదు లైన్లలో మార్పులు చేసే పని అయితే రెండోది హాయి. చదివేసి వదిలేసే జాబితాకి మొదటిది చాలు.

ఇప్పుడు యూఐఎం. దీని పేరు విన్నవాళ్లు తక్కువ, రాసినవాళ్లు ఇంకా తక్కువ. మీ కన్సల్టెంట్ గారు చెప్పినదాంట్లో నిజముంది. వర్క్ విత్ అని మొదలయ్యే సిస్టమ్ స్క్రీన్లు మీరు రోజూ వాడుతుంటారు కదా, పైన ఆప్షన్ల వరుస, కింద కమాండ్ లైను, దాని కింద ఎఫ్3, ఎఫ్4, ఎఫ్12. ఆ వాటం అంతా యూఐఎందే. సోర్సు ట్యాగులతో ఉంటుంది. కోలన్‌తో మొదలై చుక్కతో ముగుస్తుంది. హెచ్‌టీఎంఎల్ తెలిసినవాళ్లకి చూడగానే బంధుత్వం కనపడుతుంది, రెండింటికీ మూలం ఐబీఎం వాళ్ల జీఎంఎల్ అనే పాత ట్యాగుల భాషే. ఆ సోర్సుని కంపైల్ చేస్తే ప్యానెల్ గ్రూప్ అనే ఆబ్జెక్ట్ వస్తుంది. ప్రోగ్రాము దాన్ని ఫైలులా తెరవదు. క్యూయూఐ అక్షరాలతో మొదలయ్యే ఏపీఐలను (సిస్టమ్ సిద్ధంగా ఇచ్చే ప్రోగ్రాములను) పిలుస్తుంది: అప్లికేషన్ తెరవడానికి ఒకటి, వేరియబుల్స్ పంపడానికి ఒకటి, జాబితాలో వరుస చేర్చడానికి ఒకటి, ప్యానెల్ చూపించడానికి ఒకటి, మూయడానికి ఒకటి.

దీని బలం ఎక్కడుందంటే, సబ్‌ఫైల్లో మనం ప్రతిసారీ చేత్తో రాసుకునే చాకిరీ ఇందులో సిస్టమే చేసుకుంటుంది. మోర్, బాటమ్ అని చూపించడం, తప్పు ఆప్షన్ కొడితే ఆ వరుస దగ్గర ఆగడం, పదిహేను వరుసలకి పదిహేను ఆప్షన్లు ఇచ్చి ఒకేసారి ఎంటర్ కొడితే వరుసగా నడిపించడం, ఎఫ్9 కొడితే పాత కమాండ్ తిరిగి తేవడం, ఎఫ్24 కొడితే మిగతా కీలు చూపించడం. పెద్ద జాబితా అయితే మొదట కొంచెం నింపి వదిలేయొచ్చు. మనిషి కిందికి జరిగినప్పుడు మన ప్రోగ్రామును అదే పిలుస్తుంది. పైగా ఒక ఆప్షన్‌కి ఏ కమాండ్ నడవాలో ట్యాగులోనే రాసేయొచ్చు.

ఈ చివరిది చిన్న విషయం కాదు. విదేశంలో విడిభాగాలు అమ్మే ఒక కంపెనీకి రాత్రి బ్యాచ్ జాబుల (సిస్టమ్‌లో నడిచే పనుల) స్క్రీన్ యూఐఎంలో చేసి పెట్టాను. ఆగిపోయిన జాబుల జాబితా, 5 కొడితే లాగ్, 7 కొడితే మళ్లీ నడపడం. కొన్నాళ్లకి ఆపరేటర్లు "ఆ జాబు యజమానికి మెసేజ్ పంపే ఆప్షన్ కూడా కావాలి" అన్నారు. జాబితాకి ఒక ట్యాగు చేర్చి ప్యానెల్ గ్రూప్ కంపైల్ చేశాను. ఆర్‌పీజీ ప్రోగ్రామును ముట్టుకోలేదు. ప్రోగ్రాముకీ ప్యానెల్‌కీ మధ్య నడిచే వేరియబుల్ రికార్డు మారనంతవరకు ఈ స్వేచ్ఛ ఉంటుంది. డీడీఎస్‌లో అయితే ఆప్షన్ కోసం కోడు, ఆపైన రెండు కంపైళ్లు, టెస్టింగు. ఈ ఒక్క అంశం మీదే నేను ఐటీ స్క్రీన్లకి యూఐఎం అంటాను.

మరి డిస్పాచ్ ఎంట్రీకి ఎందుకు వద్దన్నాను? దానికి కారణాలున్నాయండి. యూఐఎంలో ఏది ఎక్కడ కూర్చోవాలో చాలావరకు అదే నిర్ణయిస్తుంది. రంగులూ అంతే. సిస్టమ్ స్క్రీన్లన్నీ ఒకేలా ఉండాలన్నది దాని ఉద్దేశం, అది తప్పు కాదు. కానీ కాటా గది కుర్రాడికి కావలసింది కాగితం మీద ఉన్న వరుసలోనే ఫీల్డులు రావడం, బరువు తేడా వస్తే ఆ అంకె ఒక్కటే ఎర్రగా మెరవడం. ఇండికేటర్ (అవునా కాదా అని చెప్పే స్విచ్) పెట్టి డీడీఎస్‌లో అది చిటికెలో పని. అంకెల విషయంలో కూడా యూఐఎంతో నాకు ఎప్పుడూ సుఖం లేదు. డబ్బు కాలమ్ ఉంటే ప్రోగ్రాములోనే కామాలు పెట్టి అక్షరాలుగా పంపిస్తాను. ఇంకోటి, దీనికి ఎస్‌డీఏలా గీసి చూసుకునే వసతి లేదు. రాయాలి, కంపైల్ చేయాలి, పిలిచి చూడాలి. అన్నిటికంటే పెద్దది మనుషుల సమస్య. మీరు రేపు ఉద్యోగం మారితే ఆ ఏపీఐ పిలుపుల్ని చదవగలిగేవాడు భీమవరంలో దొరకాలి. ఐటీ స్క్రీన్ చెడితే ఐటీ వాళ్లే తంటాలు పడతారు, డిస్పాచ్ స్క్రీన్ చెడితే లారీలు ఆగుతాయి.

రెండింటినీ కలపొచ్చు, కలపాలి కూడా. చాలామంది వదిలేసే సంగతి ఇది. స్క్రీన్ డీడీఎస్‌లో ఉంచి, హెల్ప్ మాత్రం యూఐఎం ప్యానెల్ గ్రూప్‌లో రాయండి. డిస్‌ప్లే ఫైల్లో హెచ్ఎల్‌పీపీఎన్ఎల్‌జీఆర్‌పీ అనే కీవర్డు ఉన్నది ఇందుకే. కర్సర్ ఏ ఫీల్డులో ఉంటే ఎఫ్1కి ఆ ఫీల్డు హెల్పే వస్తుంది. డీడీఎస్ రికార్డులతో హెల్ప్ గీసుకుంటూ కూర్చోవడం కంటే ఇది ఎంతో తేలిక. పైగా హెల్ప్ వాక్యం మార్చడానికి డిస్‌ప్లే ఫైలు జోలికి పోనక్కర్లేదు.

ఇక ఎండీ గారి ఫోన్ సంగతి. ఆయన కోరిక అన్యాయమేమీ కాదు. మీ డీలర్ గణపవరంలోనో కాళ్ల గ్రామంలోనో కొట్లో కూర్చుని తన బాకీ ఎంతో, లోడు బయలుదేరిందో లేదో చూసుకోవాలంటే ఆయనకి గ్రీన్ స్క్రీన్ ఇస్తామా? ఇవ్వం. చెరువు గట్టు మీద నిలబడి ఆర్డరు చెప్పే టెక్నీషియన్‌కీ అంతే. అక్కడ బ్రౌజరే. చిక్కల్లా లోపలి ఎంట్రీని కూడా పట్టుకెళ్లి బ్రౌజర్‌లో పెట్టాలనడంలో ఉంది. మన వైపే ఒక కంపెనీలో బయటివాళ్లతో ఆర్డర్ ఎంట్రీని వెబ్‌లోకి మార్పించారు. చూడ్డానికి చక్కగా ఉంది. నేను వెళ్లి గుమాస్తా గారిని అడిగితే "ఆయ్, బాగానే ఉందండి, కానీ ప్రతి డబ్బాకీ మౌసు పట్టుకోవాలండి" అన్నారు. సాయంత్రానికి కాగితాలు పేరుకుపోతున్నాయి. చివరికి పాత స్క్రీన్ తిరిగి ఇచ్చారు, వెబ్‌ని డీలర్లకి ఉంచారు. బ్రౌజర్‌లో కీబోర్డుతోనే నడిచేలా చేయడం సాధ్యమే. చేసేవాడు ఆ గుమాస్తా పక్కన కూర్చుని చూడాలి, అలా కూర్చునేవాళ్లు అరుదు.

చేతివేగం కంటే లోతైన సమస్య ఇంకొకటుంది. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మాడ్యూల్ మొదలుపెట్టే రోజునే తెలిసి ఉండాలి. 5250 స్క్రీన్‌లో, అంటే ఆ ఆకుపచ్చ స్క్రీన్‌లో, ఒక మనిషికి ఒక జాబు. సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా అదే జాబు ఉంటుంది. తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే క్యూటెంప్ లైబ్రరీ ఆయనదే, ఫైళ్లు ఎక్కడ వెతకాలో చెప్పే లైబ్రరీ లిస్టు ఆయనదే, తెరిచిన ఫైళ్లు తెరిచే ఉంటాయి. మన పాత ఆర్‌పీజీ ప్రోగ్రాములు ఈ నమ్మకం మీదే నిలబడ్డాయి. స్క్రీన్ చూపించి జవాబు కోసం ఆగిపోతాయి, ఎంటర్ కొట్టాక ఆగిన చోటు నుంచే నడుస్తాయి. వెబ్‌లో అలా ఆగడమనేది లేదు. ప్రతి క్లిక్కూ కొత్త పిలుపే. బయటి ప్రోగ్రాములు డేటాబేస్‌ని చేరే దారులైన ఓడీబీసీ, జేడీబీసీ ద్వారా వచ్చే పనిని క్యూజెడ్‌డీఏఎస్ఓఇనిట్ అనే పేరుతో ముందే లేచి కూర్చున్న జాబులు అందుకుంటాయి. కనెక్షన్లని అందరూ పంచుకునే కనెక్షన్ పూల్ పెట్టారంటే ఇప్పుడు మీకు పనిచేసిన జాబే మరుక్షణం ఇంకొకరికి పనిచేస్తుంది. మీ ప్రోగ్రాము క్యూటెంప్‌లో వదిలేసిన వర్క్ ఫైలు ఆ ఇంకొకరికి దొరుకుతుంది. ఒక డీలర్ బాకీ ఇంకో డీలర్‌కి కనపడటం అంటే ఊరంతా తెలిసే గొడవ.

రికార్డు లాకులూ ఇదే కథ. అప్‌డేట్ కోసం తెరిచిన ఫైల్లో చైన్ (రికార్డు చదివే ఆర్‌పీజీ ఆదేశం) కొట్టగానే ఆ రికార్డు లాక్ అవుతుంది. స్క్రీన్ చూపించి గుమాస్తా టీకి వెళ్తే లాకు అలాగే ఉంటుంది. రెండోవాడు అదే రికార్డు కోసం మామూలుగా 60 సెకన్లు ఆగి ఎర్రర్ తింటాడు. మన దగ్గర దీనికి తోడు కరెంటు. పీసీకి యూపీఎస్ ఉంటుంది, దారిలో ఉన్న స్విచ్‌కి ఉండదు. లైను తెగితే, క్యూడెవ్‌ఆర్‌సీవైఏసీఎన్ అనే సిస్టమ్ విలువ మామూలు సెట్టింగులో ఉంటే జాబు చావదు, డిస్‌కనెక్ట్ అవుతుంది. లాకు పట్టుకునే ఉంటుంది. అదే యూజరు అదే డివైస్ పేరుతో వస్తే పాత జాబులోకి వెళ్తాడు. క్యూపాడెవ్ అని సిస్టమ్ ఇచ్చే పేర్లు వాడుతుంటే ఈసారి వేరే పేరు రావొచ్చు, అప్పుడు పాత జాబు అనాథ. డిస్‌కనెక్ట్ అయిన జాబుల్ని మామూలుగా 240 నిమిషాల తర్వాత గానీ సిస్టమ్ తీసేయదు. అంటే నాలుగు గంటలు ఆ ఆర్డరుని ఎవరూ మార్చలేరు. అందుకే 5250 స్క్రీన్‌ని పీసీలో చూపించే ఏసీఎస్ ఎమ్యులేటర్‌లో ప్రతి పీసీకి స్థిరమైన వర్క్‌స్టేషన్ పేరు ఇవ్వండి. కాటా గదితో మొదలుపెట్టండి.

కానీ అసలు మందు కోడులోనే ఉంది. చదివేటప్పుడు చైన్‌కి ఎన్ జోడించి లాకు లేకుండా చదవండి. స్క్రీన్ చూపించండి. ఎంటర్ వచ్చాక మళ్లీ, ఈసారి లాకుతో చదివి, మధ్యలో ఎవరైనా మార్చారా అని పోల్చండి. మార్చకపోతే రాయండి, మార్చి ఉంటే "ఈ ఆర్డరు ఇప్పుడే మారింది, మళ్లీ చూడండి" అని చెప్పండి. పోల్చడానికి టేబుల్లో రో చేంజ్ టైంస్టాంప్ కాలమ్ ఒకటి పెట్టుకుంటే పని సులువు. చూశారా, ఇలా రాసిన ప్రోగ్రాము లాక్ పట్టుకుని ఆగదు. కాబట్టి దాని లోపలి భాగం వెబ్‌కి కూడా పనికొస్తుంది. స్టాక్ ఉందా, డీలర్ క్రెడిట్ దాటాడా, ధర ఎంత, ఆర్డరు రాయి: ఈ నాలుగు పనుల్నీ సర్వీస్ ప్రోగ్రాములో (వేరే ప్రోగ్రాములు పంచుకునే కోడులో) ప్రొసీజర్లుగా పెట్టండి. డిస్‌ప్లే ఫైలు వాడే ప్రోగ్రాము వాటిని పిలుస్తుంది. రేపు అవే ప్రొసీజర్లని ఐబీఎం ఐతో వచ్చే ఇంటిగ్రేటెడ్ వెబ్ సర్వీసెస్ ద్వారా బయటికి తీయొచ్చు, లేదా స్టోర్డ్ ప్రొసీజర్‌గా చుట్టి నోడ్ నుంచో పైథాన్ నుంచో పిలవొచ్చు. నేను పైన పెట్టిన షరతు ఇదే.

భద్రత గురించి ఒక మాట. 5250లో ప్రతివాడికీ సొంత ప్రొఫైల్ ఉంటుంది, మార్పులు నమోదయ్యే జర్నల్ చూస్తే ఎవరు మార్చారో తెలుస్తుంది. వెబ్‌లో అందరూ ఒకే సర్వీస్ ప్రొఫైల్ మీద వస్తే జర్నల్ నిండా ఆ ఒక్క పేరే. డీలర్లు చూసి వెళ్లేవరకు పరవాలేదు. రాయడం మొదలైతే అసలు మనిషి ఎవరో మీ టేబుల్లోనైనా నమోదు చేయండి, లేదా ప్రొఫైల్ మార్చే ఏపీఐలు వాడండి.

"మధ్యేమార్గం లేదా, పాత స్క్రీన్లకే రంగులు వేసి బ్రౌజర్‌లో చూపిస్తారట కదా" అని మీరు అడగొచ్చు. ఉంది. హ్యాట్స్ లాంటి ఉత్పత్తులు నడుస్తున్న 5250 స్క్రీన్‌ని అప్పటికప్పుడు హెచ్‌టీఎంఎల్‌గా మారుస్తాయి. 2010లో ఆర్‌పీజీకి ఓపెన్ యాక్సెస్ వచ్చాక, ఫైలు డిక్లరేషన్‌లో హ్యాండ్లర్ అని రాసి స్క్రీన్ పనిని వేరే ప్రోగ్రాముకి అప్పగించే దారి కూడా ఏర్పడింది. ప్రొఫౌండ్ యూఐ లాంటి ఉత్పత్తులు దాని మీదే పనిచేస్తాయి. వందల స్క్రీన్లున్న పాత అప్లికేషన్‌కి ఇది అర్థమున్న ఖర్చు. కొత్తగా రాస్తున్న ఒక్క మాడ్యూల్ కోసం లైసెన్సు కొనమని నేను చెప్పను. అందులోనూ రంగు మాత్రమే మార్చేది అయితే, 24 వరుసలు 80 కాలమ్‌ల ఇరుకు అలాగే ఉండిపోతుంది. ఇరుకే సమస్య అయితే ముందు 27 వరుసలు 132 కాలమ్‌ల స్క్రీన్ వాడి చూడండి. ఒకే డిస్‌ప్లే ఫైల్లో రెండు సైజులూ పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు.

తెలుగు కావాలంటే మాత్రం వేరే ఆలోచన వద్దు, బ్రౌజరే. 5250 స్క్రీన్‌లో ప్రతి అక్షరానికీ ఒక గడి. యూనికోడ్ ఫీల్డులు పెట్టి ఎమ్యులేటర్‌లో యూనికోడ్ ఆన్ చేస్తే అక్షరాలు చేరతాయి. కానీ మన గుణింతాలూ ఒత్తులూ గడుల్లో ఇమిడేవి కావు. లక్ష్మి అని రాస్తే క్ష కింద మ ఒత్తు, పైన గుడి, అంతా ఒక చోట కలిసి కూర్చోవాలి. గడికో ముక్క అయితే చదవలేం. ప్యాకింగ్ హాల్లో పనిచేసే అమ్మాయిలకి తెలుగులో బ్యాచ్ వివరాలు చూపించాలంటే ఒక టాబ్లెట్ పెట్టి వెబ్ పేజీ ఇవ్వండి. డేటాబేస్‌లో ఆ కాలమ్‌ని మొదటి నుంచీ యూనికోడ్‌గానే ఉంచండి, ఈ మెషిన్ మామూలుగా వాడే ఎబ్‌సిడిక్ అక్షర పద్ధతి కాలమ్‌లో తెలుగు నిలవదు.

పరికరాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎస్‌డీఏ ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. ప్రోగ్రాము లేకుండానే స్క్రీన్‌ని పరీక్షించే వసతి, మెనూలో మూడోది, చాలా ఉపయోగం. యూజర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఫీల్డుల వరుస ఖాయం చేసుకోవడానికి నేను ఇప్పటికీ అదే తెరుస్తాను. కాకపోతే ఐబీఎం ఆ పాత టూల్స్‌కి కొత్త హంగులు చేర్చడం ఎప్పుడో ఆపేసింది. ఎస్ఈయూ ఎడిటర్ అయితే 6.1 తర్వాత వచ్చిన ఆర్‌పీజీ రూపాలని తప్పులుగా చూపిస్తుంది. కాబట్టి ప్రోగ్రాము మాత్రం ఎస్ఈయూలో రాయకండి. కంపెనీ ఆర్‌డీఐ లైసెన్సు కొంటే స్క్రీన్ డిజైనర్ కూడా అందులోనే వస్తుంది. కొనకపోతే వీఎస్ కోడ్‌కి ఉచితంగా దొరికే కోడ్ ఫర్ ఐబీఎం ఐ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. యూఐఎం సోర్సు రాయడానికీ అదే హాయి, అది ఎలాగూ ఉత్త టెక్స్టే కదా.

కాలమ్‌లు ముందుగా తెలియని స్క్రీన్లు, అంటే ఏ ఫైలు ఇస్తే ఆ ఫైలు చూపించే రకం, కావాలంటే డైనమిక్ స్క్రీన్ మేనేజర్ అని ఇంకో ఏపీఐల గుంపు ఉంది, క్యూఎస్ఎన్‌తో మొదలవుతాయి. మీ పనికి అక్కర్లేదు. పేరు తెలిసి ఉంటే చాలు.

యూఐఎం నేర్చుకోవాలని మీకు ఉత్సాహం ఉంటే జాబితా స్క్రీన్‌తో మొదలుపెట్టకండి, ఏపీఐలు చూసి బెదిరిపోతారు. మీ కంపెనీలో సొంతంగా తయారుచేసుకున్న కమాండ్ ఏదో ఒకటి ఉంటుంది, రాత్రి బ్యాకప్‌దో నెలాఖరుదో. దాని మీద జెన్‌సీఎండీడాక్ కమాండ్‌ని యూఐఎం ఆప్షన్‌తో నడపండి. ప్రతి పారామీటర్‌కీ ఖాళీ హెల్ప్ భాగాలతో ట్యాగుల సోర్సు అదే తయారుచేసి ఇస్తుంది. వాటిలో వాక్యాలు నింపి, ప్యానెల్ గ్రూప్ కంపైల్ చేసి, చేంజ్ కమాండ్‌తో ఆ కమాండ్‌కి తగిలించండి. తర్వాత కమాండ్ పేరు కొట్టి ఎఫ్4, ఏదైనా పారామీటర్ మీద ఎఫ్1. ఒక్క ఏపీఐ కూడా పిలవకుండా మీ మొదటి యూఐఎం పని అవుతుంది. అది అయ్యాక ఆగిపోయిన జాబుల జాబితాకి రండి. మొదటి రూపంలో 5 ఒక్క ఆప్షనే పెట్టండి, ట్యాగు దగ్గర చిక్కుపడితే ఆ సోర్సు ముక్క ఇక్కడ పెట్టండి, చూస్తాను.